ఓక్ కలపలో నీటి దారులు

ఓక్ దుంగను అడ్డంగా కోసి, ఆ కోతను పదునైన ఉలితో నున్నగా చెక్కితే వలయాల వెంబడి సన్నటి రంధ్రాల వరసలు కనిపిస్తాయి. భూతద్దం అక్కర్లేదు. వేర్ల నుంచి ఆకులకు నీరు మోసిన నాళాల నోళ్లవి. ఓక్ కలప మంచిచెడులు చాలావరకు ఈ నాళాలను బట్టే ఉంటాయి.

వసంతంలో కొత్త చిగుళ్లకు ఒక్కసారిగా నీరు కావాలి కనుక చెట్టు ముందు పెద్ద నాళాలను నిర్మించుకుంటుంది. ఎండలు ముదిరాక చిన్న నాళాలు, మందపాటి గోడలున్న నారలు ఏర్పడతాయి. ఈ రెండు పట్టీలూ కలిసి ఒక ఏడాది వలయం. వసంతపు పట్టీ ఏటా దాదాపు ఒకే వెడల్పున ఉంటుంది. చెట్టు ఏపుగా పెరిగిన ఏడాది వెడల్పయ్యేది గట్టి పట్టీయే. అందుకే నిదానంగా పెరిగిన చెట్టుదే గట్టి కలప అన్న నమ్మకం ఓక్ దగ్గర తలకిందులవుతుంది. త్వరగా పెరిగిన ఓక్ బరువుగా, బలంగా ఉంటుంది. సన్న వలయాలది మెత్తగా ఉలికి లొంగుతుంది కనుక చెక్కడపు పనికి అదే మేలు. ఒకే చెట్టు కలపలో ఇంత తేడా రావడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

ఓక్‌లో 400కు పైగా జాతులున్నా, కలప వ్యాపారంలో ముఖ్యంగా వినిపించేవి రెండే: తెల్ల ఓక్, ఎర్ర ఓక్. ఎర్ర ఓక్ ముక్క ఒక కొసను సబ్బునీటిలో ముంచి, రెండో కొస నుంచి గట్టిగా ఊదితే బుడగలు వస్తాయి. తెల్ల ఓక్‌తో రావు. దానిలో చేవ ఏర్పడేటప్పుడు పక్క కణాలు నాళాల్లోకి ఉబ్బి దారిని మూసేస్తాయి. వీటిని టైలోసెస్ అంటారు. వైన్, విస్కీ పీపాలకు తెల్ల ఓక్‌నే ఎంచుకోవడానికి ఇదే ముఖ్య కారణం. పీపా లోపలి వైపును నిప్పుతో కాలుస్తారు. ఆ వేడికి కలపకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ అనే పదార్థం విడిపోయి వనిలిన్ పుడుతుంది. వెనిలాకు సువాసననిచ్చే పదార్థమే ఇది.

ఓక్ చేవ నిండా టానిన్లు అనే వగరు పదార్థాలు ఉంటాయి. అవి బూజునూ పురుగులనూ చాలావరకు దూరం పెడతాయి. కానీ ఇనుముకు వాటితో పడదు. తడి ఓక్‌లో ఇనుప మేకు దిగితే చుట్టూ నీలినలుపు మరక పాకుతుంది, మేకూ తుప్పుపడుతుంది. ఐరోపాలో శతాబ్దాలపాటు పురుగుల వల్ల ఓక్ చెట్టుపై లేచే బుడిపెల నుంచి సిరా చేసింది ఈ రసాయన చర్యతోనే.

మధ్యయుగపు ఐరోపా వడ్రంగులు ఇంటి చట్రాలకు పచ్చి ఓక్‌నే వాడి, కొయ్య మేకులతో బిగించారు. దళసరి ఓక్ దూలం ఆరడానికి ఏళ్లు పడుతుంది, ఆరాక కోయడం కష్టం. పచ్చిదైతే తేలిగ్గా తెగుతుంది. బిగించాక ఆరుతూ కుంచించుకుని అతుకులను పట్టేస్తుంది. అయితే ఈ కుంచించుకోవడం వలయాల వెంట ఎక్కువ, కేంద్రం నుంచి బెరడు వైపుకు దాదాపు సగమే. దూలాలు నిలువునా పగుళ్లివ్వడం అందువల్లే. 2019 ఏప్రిల్ 15న పారిస్‌లో నోత్రదామ్ చర్చి పైకప్పు కాలిపోయాక, దాన్ని తిరిగి కట్టడానికి దాదాపు 2,000 ఓక్ చెట్లు వాడారు. పాత పద్ధతిలోనే పచ్చి దుంగలను గొడ్డళ్లతో చెక్కారు.

పచ్చిగా వాడిన ఈ అలవాటు చరిత్రకారులకు ఎంతో మేలు చేసింది. చెట్టు కొట్టిన ఏడాదికీ కట్టడం లేచిన ఏడాదికీ ఎడం తక్కువ. బెరడు అంచు మిగిలిన దూలం దొరికితే, వలయాల వెడల్పులను కాలం తెలిసిన వరసలతో పోల్చి ఆ ఏడాదిని పట్టుకోవచ్చు. చివరి వలయంలో వసంతపు పట్టీ మాత్రమే ఉంటే, గొడ్డలి వేటు గట్టి పట్టీ ఏర్పడక ముందే పడిందన్నమాట.