ఓడ ఆగడానికి కాలం కావాలా, దూరం కావాలా?

ద్రవ్యవేగాన్నీ (ద్రవ్యరాశిని వేగంతో గుణించినది) గతిశక్తినీ (ద్రవ్యరాశిని వేగపు వర్గంతో గుణించి సగం చేసినది) ద్రవ్యరాశి, వేగాల నుంచే లెక్కగడుతున్నప్పుడు కదలికను కొలవడానికి ఏదో ఒకటి సరిపోదా, రెండెందుకు అని ముత్తుకూరులో ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక విద్యార్థిని అడిగింది. చాలా మంచి ప్రశ్న ఇది. పాఠ్యపుస్తకంలో మొదటిది న్యూటన్ నియమాల అధ్యాయంలోనూ, రెండోది పని, శక్తి అధ్యాయంలోనూ విడివిడిగా వస్తాయి. పరీక్షలో లెక్క చూడగానే ఏ సూత్రం వాడాలో గుర్తుపట్టడం నేర్పుతామే తప్ప, రెండింటినీ ఒకే సంఘటనకు వర్తింపజేసి పోల్చి చూడమని మనం పిల్లలకు చెప్పడం తక్కువ. ఆ విద్యార్థిని ఊరికి దగ్గరలోనే ఉన్న కృష్ణపట్నం రేవులో బొగ్గు ఓడ బెర్తుకు, అంటే ఓడలు ఆగే గట్టుకు, ఆనుకొనే తీరును గమనిస్తే ఆ పోలిక స్పష్టంగా కనిపిస్తుంది.

సరుకుతో కలిపి లక్ష టన్నులు, అంటే పది కోట్ల కిలోగ్రాముల ద్రవ్యరాశి ఉన్న ఓడ సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో బెర్తు వైపు జరుగుతోందనుకొందాం. చీమకుర్తి నుంచి గ్రానైటు దిమ్మెలతో బయలుదేరి, మొత్తం 40 టన్నుల బరువుతో, జాతీయ రహదారి మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వస్తున్న లారీని దానితో పోల్చుదాం. ఓడ ద్రవ్యవేగం సెకనుకు ఒక కోటి కిలోగ్రాం మీటర్లు కాగా, లారీది సుమారు 6.7 లక్షలు మాత్రమే. అంటే నత్తనడకన వచ్చే ఓడకు లారీకన్నా 15 రెట్లు ఎక్కువ ద్రవ్యవేగం ఉంది. గతిశక్తిని లెక్కగడితే ఈ క్రమం తిరగబడుతుంది. ఓడ గతిశక్తి 5 లక్షల జౌళ్లు, లారీ గతిశక్తి సుమారు 56 లక్షల జౌళ్లు. ఇక్కడ లారీయే 11 రెట్లు పెద్దది. వేగం ద్రవ్యవేగంలో ఒక్కసారి, గతిశక్తిలో వర్గంగా లెక్కకు రావడమే ఈ తారుమారుకు కారణం. రహదారి మీద తరచుగా ప్రమాదాలు జరిగే మలుపులో ఏదో గాలి ఉందని భయపడేవారు నేటికీ ఉన్నారు. అక్కడ వేగం రెండింతలైతే బ్రేకు వేసిన తరువాత బండి జారుకుపోయే దూరం నాలుగింతలవుతుందన్న విషయం వారికి ఎవరో ఒకరు ఓపికగా వివరించాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఓడను ఆపే బలాన్ని ఎంత కాలం ప్రయోగించామో ఆ కాలంతో గుణిస్తే ప్రచోదనం వస్తుంది. ఓడ ద్రవ్యవేగంలో వచ్చిన మార్పు దానికి సమానం. అదే బలాన్ని ఓడ ఎంత దూరం జరిగేలోపు ప్రయోగించామో ఆ దూరంతో గుణిస్తే పని వస్తుంది. గతిశక్తిలో వచ్చిన మార్పు దానికి సమానం. బలం ఒకటే అయినా, కాలం వెంట కూడితే ఒక రాశి, దూరం వెంట కూడితే మరొక రాశి లభిస్తాయి. రేవులో ఇంజనీర్లకు ఈ రెండు లెక్కలూ అవసరమే.

బెర్తు అంచున అమర్చిన పెద్ద రబ్బరు దిమ్మెలను ఫెండర్లు అంటారు. మన ఓడ వాటిని అరమీటరు లోతుకు నొక్కి ఆగిందనుకొంటే, 5 లక్షల జౌళ్లను అరమీటరుతో భాగించగా సగటు బలం 10 లక్షల న్యూటన్లని తేలుతుంది. ద్రవ్యవేగాన్ని ఆ బలంతో భాగిస్తే, ఆగడానికి పట్టిన కాలం 10 సెకన్లు. ఫెండరు లేకుండా ఓడ పక్కభాగం కాంక్రీటుకు తగిలి, ఉక్కు కేవలం ఒక సెంటీమీటరు నొక్కుకుపోయి ఆగితే, కాలం సెకనులో ఐదో వంతుకు తగ్గి, బలం 5 కోట్ల న్యూటన్లకు పెరుగుతుంది. రెండు సందర్భాల్లోనూ ప్రచోదనం ఒక్కటే. ఓడను నెట్టే టగ్గు పడవలు చేసే పని కూడా ఇదే: సెకనుకు 2 మీటర్ల వేగంతో వస్తున్న ఓడను 10 లక్షల న్యూటన్లతోనే నిలువరించాలంటే 200 సెకన్ల కాలం, 200 మీటర్ల దూరం కావాలి. ఆచరణలో ఓడతోపాటు దాని పక్కనున్న నీరు కూడా కదులుతూ ఉంటుంది కనుక, ఇంజనీర్లు ఓడ ద్రవ్యరాశికి ఆ నీటి వాటాను కూడా కలుపుతారు.

ఫెండరు ఆకారంలోనూ ఎంతో భౌతికశాస్త్రం ఉంది. అది మామూలు స్ప్రింగులా పనిచేస్తే, నొక్కుడుతోపాటు బలం క్రమంగా పెరిగి, చివరి బలం సగటుకు రెండింతలవుతుంది. బెర్తును ఆ గరిష్ఠ బలానికి తట్టుకొనేలా కట్టాలి. అందువల్ల శంకువు ఆకారపు ఫెండర్ల గోడలను ఒక స్థాయి బలం దగ్గర వంగిపోయేలా తయారుచేస్తారు. అప్పుడు బలం మొదట్లోనే త్వరగా పెరిగి, ఆపైన చాలా దూరం దాదాపు మారకుండా ఉంటుంది. బలం, దూరాల గ్రాఫు కింది వైశాల్యమే శక్తి కనుక, తక్కువ గరిష్ఠ బలంతోనే ఎక్కువ శక్తిని పీల్చుకోవచ్చు. ఆగిన ఓడ తిరిగి వెనక్కి నెట్టబడుతుంది కూడా. ప్రత్యావస్థాన గుణకం, అంటే వెనక్కి వచ్చే వేగానికీ తాకిన వేగానికీ ఉన్న నిష్పత్తి, 0.7 అనుకొంటే, అది సెకనుకు 7 సెంటీమీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. అప్పుడు మొత్తం ప్రచోదనం 1.7 కోట్లకు పెరిగినా, తిరిగి వచ్చే శక్తి 0.7 వర్గం, అంటే 49 శాతం మాత్రమే. మిగిలినది రబ్బరులో వేడిగా మారుతుంది.

ఓడ పోగొట్టుకున్న ద్రవ్యవేగం ఎక్కడికి పోయింది? బెర్తు స్తంభాల గుండా భూమికి చేరింది. భూమి ద్రవ్యరాశి 6 పక్కన 24 సున్నాలు పెట్టినన్ని కిలోగ్రాములు కనుక, ఆ కోటి కిలోగ్రాం మీటర్ల వల్ల వచ్చే వేగంతో భూమి ఒక పరమాణువు వెడల్పు జరగడానికి దాదాపు రెండేళ్లు పడుతుంది. ఓడను కదిలించినప్పుడు నీటి ద్వారా భూమికి చేరిన వ్యతిరేక ద్రవ్యవేగం దీనితో సరిపోతుంది కనుక మొత్తం మారదు. గతిశక్తి అంటే ద్రవ్యవేగపు వర్గాన్ని రెట్టింపు ద్రవ్యరాశితో భాగించినది. ఆ లెక్కన భూమికి చేరిన శక్తి, ఒక జౌల్‌ను లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఎనిమిది భాగాలు. బరువైన వస్తువు ద్రవ్యవేగాన్ని పూర్తిగా స్వీకరిస్తుంది, శక్తిని దాదాపు ఏమాత్రం స్వీకరించదు. ఆ 5 లక్షల జౌళ్లు ఓడ ఉక్కును వంచడానికో, కాంక్రీటును పగలగొట్టడానికో, రబ్బరును వేడెక్కించడానికో ఖర్చు కాక తప్పదు. ఫెండరు ఆ మూడోదాన్ని మనకు ఎంచి పెడుతుంది.

కదలికకు ఏది సరైన కొలత అన్న వివాదం యూరప్ శాస్త్రజ్ఞుల మధ్య కూడా చాలా కాలం నడిచింది. 1644లో డెకార్ట్ పరిమాణాన్నీ వేగాన్నీ గుణించిన రాశే కొలత అన్నాడు. దానికి దిశను జోడించడం తరువాతివారి పని. 1686లో లైబ్నిజ్ వేగపు వర్గాన్ని వాడాలని వాదించాడు. ఇద్దరూ సగం సగం సరైనవారే.

2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్‌లో డాలీ అనే ఓడ విద్యుత్తు పోయి, ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభాన్ని ఢీకొనగా వంతెన కూలి, దాని మీద పనిచేస్తున్న ఆరుగురు చనిపోయారు. ఆ ఓడ కూడా లక్ష టన్నులకు పైబడినదే, వేగం సుమారు 6.5 నాట్లు, అంటే సెకనుకు 3.3 మీటర్లు. బెర్తు దగ్గరి వేగంతో పోలిస్తే ద్రవ్యవేగం 33 రెట్లు, గతిశక్తి దాదాపు 1,100 రెట్లు. మనం ఇంతవరకు వాడిన 10 లక్షల న్యూటన్ల బలంతో అటువంటి ఓడను ఆపాలంటే ఐదున్నర నిమిషాల కాలం, అరకిలోమీటరుకు పైగా దూరం కావాలి. అంత దూరం స్తంభం దగ్గర దొరకదు. ఓడలు తిరిగే మార్గాల్లో వంతెన స్తంభాల చుట్టూ నీటి అడుగు నుంచి రాళ్లు పోసి దీవుల్లాంటి దిబ్బలు కట్టేది అందుకే: ఓడ ఆ వాలు మీదికి ఎక్కుతూ, రాళ్లను తోసుకుంటూ, స్తంభాన్ని చేరకముందే పదుల మీటర్ల దూరంలో తన శక్తిని పోగొట్టుకుంటుంది.