సోలార్ ప్యానెళ్లపై నీడ, ఎండ, మబ్బు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ప్యానెల్‌లో పదో వంతుపై నీడ పడితే ఉత్పత్తి కూడా పదో వంతే తగ్గుతుంది.

వాస్తవం: ప్యానెళ్లు బిగించే పనిలో ఉన్న మాకు తరచూ ఎదురయ్యేదీ, వినియోగదారుకు ఎక్కువ నష్టం తెచ్చేదీ ఈ అపోహే. మామూలు ప్యానెల్‌లో విద్యుత్తు పుట్టించే చిన్న పలకలైన సెల్‌లన్నీ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనుక ఒకటిగా గొలుసులా కలిసి ఉంటాయి కాబట్టి వాటన్నిటిలోనూ ఒకే కరెంటు ప్రవహించాలి. నీడలో ఉన్న సెల్ అంత కరెంటు ఇవ్వలేక, మిగిలినవి పుట్టించిన విద్యుత్తును తానే మింగి వేడెక్కుతుంది. అది మాడిపోకుండా ప్యానెల్ వెనుక జంక్షన్ బాక్స్‌లో సాధారణంగా 3 బైపాస్ డయోడ్‌లు (కరెంటుకు పక్కదారి ఇచ్చే భాగాలు) అమరుస్తారు. 60 సెల్‌ల ప్యానెల్‌లో ఒక్కో డయోడ్ కింద 20 సెల్‌లు ఉంటాయి. అందుచేత ఒక్క సెల్ పూర్తిగా నీడలో ఉన్నా ఆ 20 సెల్‌ల గుంపు మొత్తం పక్కకు తప్పుకొని, ఉత్పత్తిలో మూడో వంతు దాకా పోతుంది.

నీడ ఎటు పరుచుకుందన్నది ఇంకా ముఖ్యం. నిలువుగా బిగించిన ప్యానెల్ అడుగు వరుసలోని 6 సెల్‌లపై పిట్టగోడ నీడ దట్టంగా పడితే, మూడు గుంపులూ ఒకేసారి దెబ్బతిని ఉత్పత్తి దాదాపు అడుగంటుతుంది. అదే ప్యానెల్‌ను అడ్డంగా బిగించి ఉంటే ఆ నీడ ఒక్క గుంపుతోనే ఆగేది. హాఫ్‌కట్ సెల్‌ల (సగానికి కోసిన సెల్‌ల) ప్యానెళ్లలో పై సగం, కింది సగం ప్యారలల్‌గా, అంటే దేని దారి దానికి ఉండేలా కలిసి ఉంటాయి కనుక, నిలువుగా బిగించినా పై సగం పనిచేస్తూనే ఉంటుంది.

అపోహ: మైక్రోఇన్వర్టర్లు గానీ ఆప్టిమైజర్లు గానీ పెడితే నీడ బెడద ఉండదు.

వాస్తవం: ఒక్కో ప్యానెల్‌కు విడిగా బిగించే ఈ పరికరాలు ఒక ప్యానెల్ నష్టం తక్కినవాటికి పాకకుండా ఆపుతాయి, నీడ వల్ల అందని వెలుతురును మాత్రం తెచ్చి ఇవ్వలేవు. రోజంతా నీడ పడని కప్పుకు కేవలం ఈ కారణంగా వాటిని కొనడం దండగ అని నా అభిప్రాయం.

అపోహ: ఎండ ఎంత మండితే కరెంటు అంత ఎక్కువ.

వాస్తవం: ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి దానికి శత్రువు. ప్యానెల్‌పై రాసే వాట్ల లెక్క చదరపు మీటరుకు 1000 వాట్ల కాంతి, 25 డిగ్రీల సెల్ ఉష్ణోగ్రత వద్ద తీసినది. సిలికాన్ ప్యానెళ్లలో ఆపైన ప్రతి డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.5 శాతం సామర్థ్యం తగ్గుతుంది. డిగ్రీకి 0.35 శాతం చొప్పున చూస్తే, సెల్ 65 డిగ్రీలకు చేరినప్పుడు 400 వాట్ల ప్యానెల్, కాంతి నిండుగా ఉన్నా, 344 వాట్లే ఇస్తుంది. ప్యానెల్ కింద గాలి ఆడేలా ఖాళీ వదలమని మేము పట్టుబట్టేది ఇందుకే.

అపోహ: మబ్బు కమ్మితే ఉత్పత్తి సున్నా.

వాస్తవం: దట్టమైన మబ్బులోనూ చెదిరిన కాంతితో, నిర్మలమైన రోజుతో పోలిస్తే 10 నుంచి 25 శాతం వరకు రావచ్చు. తెల్లని మబ్బు అంచుల నుంచి ప్రతిఫలించే కాంతి నేరుగా పడే ఎండకు తోడైనప్పుడు, కాసేపు మామూలుకు మించిన ఉత్పత్తి కూడా కనబడుతుంది.

అపోహ: వాన పడితే ప్యానెళ్లు వాటంతటవే శుభ్రమవుతాయి.

వాస్తవం: పొడి దుమ్ము పోతుంది కానీ ఎండిన పక్షి రెట్టలు పోవు. వాలు తక్కువగా ఉన్న ప్యానెళ్లలో నీరు కింది ఫ్రేము దగ్గర నిలిచి, ఆరాక బురద చార మిగులుతుంది. అది సరిగ్గా అడుగు వరుస సెల్‌ల మీదే ఉంటుంది కనుక, నిలువుగా బిగించిన మామూలు ప్యానెల్‌లో పైన చెప్పిన పిట్టగోడ నీడలాగే అన్ని గుంపులనూ దెబ్బతీస్తుంది. ఆ చారను తెల్లవారుజామున, అద్దం చల్లగా ఉన్నప్పుడే, మెత్తని గుడ్డతో తుడవాలి. మిట్టమధ్యాహ్నం కాలుతున్న అద్దంపై చన్నీళ్లు గుమ్మరిస్తే అది పగిలే ప్రమాదం ఉంది.