శాలువాతో తీరని బాకీ: చర్చి సిబ్బందిపై అపోహలు - వాస్తవాలు

చర్చి సంఘాల సిబ్బందిని నడిపించేవాళ్ల కోసం పెట్టిన ఒక సదస్సుకి ఈమధ్య వెళ్లొచ్చాను. విశాఖలో ఒక సంఘం ఆఫీసు పనులు చూసేవాణ్ణి కాబట్టి, స్టేజీ మీది ప్రసంగాలకన్నా టీ దగ్గర దొరికిన మాటలే నాకు ఎక్కువ పనికొచ్చాయి. గాజువాక నుంచి భీమిలి దాకా ఎవర్ని కదిపినా ఒకటే గోడు: మనుషులు నిలవడం లేదు, మంచి కుర్రాడు మానేశాడు, పాస్టర్ గారు అలసిపోయారు. ఈ గోడు వెనక మనం ఏళ్ల తరబడి పెంచి పోషించిన నమ్మకాలు కొన్ని ఉన్నాయి.

అపోహ: దేవుని పనికి మనుషుల థాంక్స్ దేనికి? ప్రతిఫలం పరలోకంలో ఉంది కదా.

వాస్తవం: ఈ మాట థాంక్స్ చెప్పాల్సినవాళ్ల నోటే ఎక్కువ వింటాం. బైబిల్లో రోమా పత్రిక, అంటే రోమాలోని క్రైస్తవులకి తొలితరం బోధకుడు పౌలు రాసిన ఉత్తరం, 16వ అధ్యాయం తీసి చూడండి. పౌలు ఫీబేతో మొదలుపెట్టి ప్రిస్కిల్ల, అకుల, మరియ అంటూ పేరు పేరునా తలుచుకున్నాడు. చాలామంది విషయంలో ఏం చేశారో కూడా చెప్పాడు. పౌలు చెబుతుంటే ఆ పత్రిక రాసిన తెర్తియుకి కూడా తన వందనం చేర్చుకునే చోటు దొరికింది.

మనం మాత్రం క్రిస్మస్ రోజు మైకు పట్టుకుని 'ఈ కార్యక్రమానికి సహకరించిన ప్రతి ఒక్కరికీ వందనాలు' అనేసి దిగిపోతాం. ఆ ప్రతి ఒక్కరిలో ఎవరూ ఉండరు. స్టీల్ ప్లాంట్ వైపు సంఘాల్లో ఒక దృశ్యం మామూలే. రాత్రంతా సీ షిఫ్ట్ చేసి, పొద్దున్న దిగి, ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా చర్చికి వచ్చి మిక్సర్ ముందు కూర్చునే కుర్రాడు. ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చేత్తో వైర్లు సర్దుతూ ఉంటాడు. మైకు కూత పెడితే అందరి తలలూ అతని వైపు తిరుగుతాయి. బాగా పనిచేసిన రోజు అతను ఉన్నాడని కూడా ఎవరికీ గుర్తుండదు. 'తమ్ముడూ, వెనక బెంచీలో పెద్దవాళ్లకి ఈ వారం వాక్యం స్పష్టంగా వినపడిందట, నువ్వు స్పీకర్ జరపడం వల్లే' అని చెప్పడానికి అర నిమిషం కూడా పట్టదు. పేరు, చేసిన పని, దానివల్ల ఎవరికి మేలు జరిగింది: ఈ మూడూ ఉంటేనే థాంక్స్ మనిషికి చేరుతుంది.

అపోహ: ఏడాదికోసారి సన్మానం చేస్తున్నాం, చాలదా?

వాస్తవం: చాలదు. శాలువాలు బీరువాలో పేరుకుంటాయి. స్కూలు ఫీజు కట్టాల్సిన జూన్ నెలలో అవి ఎందుకూ పనికిరావు.

అపోహ: సేవలో ఉన్నవాళ్లు జీతం ఊసెత్తితే విశ్వాసం తక్కువైనట్టే.

వాస్తవం: నాకు బాగా ఒళ్లు మండేది దీని దగ్గరే. పనివాడు జీతానికి పాత్రుడని తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం చెబుతోంది. నూర్చే ఎద్దు మూతికి చిక్కం కట్టొద్దన్న మాట కూడా అక్కడే ఉంది. కానీ కానుకలు తగ్గిన నెల చాలాచోట్ల మొదట ఆగేది వాచ్‌మన్ జీతం, ఆఫీసులో టైపు చేసే అమ్మాయి జీతం. ఫ్లెక్సీల బిల్లు మాత్రం ఆగదు! నెల బడ్జెట్‌లో మొదటి గీత జీతాలదై ఉండాలి, తేదీ తప్పకూడదు. నియామక పత్రం, సెలవుల లెక్క కాగితం మీద ఉండాలి. ఇంకో సంగతి చాలామంది కమిటీ పెద్దలకి తెలియదు. పదిమంది లేదా అంతకుమించి పనిచేసే చోట, లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ప్రకారం అంతర్గత ఫిర్యాదుల కమిటీ వేయాలి. ట్రస్టులు, సొసైటీలు కూడా దాని కిందికి వస్తాయి. 'మనది కుటుంబంలాంటి సంఘం' అంటే చట్టం ఊరుకోదు.

అపోహ: గట్టి సేవకుడైతే అన్నీ తనే చూసుకుంటాడు.

వాస్తవం: పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు చెబుతున్న మోషేని మామ యిత్రో ఆపాడు. ఇలాగైతే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారని చెప్పి వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి అధికారుల్ని పెట్టించాడు. నిర్గమకాండం 18వ అధ్యాయం అది. మన ఊరి చరిత్రే చూడండి. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చి, బ్రాహ్మణుడిగా పుట్టి క్రైస్తవుడైన ఆనందరాయర్ సాయంతో సువార్తల తెలుగు అనువాదానికి దిగారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాల్‌లోని సెరాంపూర్‌లో అచ్చయింది 1812లో. మొదలుపెట్టిన ఇద్దరూ పోయినా పని ఆగలేదంటే, దాన్ని అందుకున్న చేతులు వేరే ఉన్నాయి. ఇప్పుడు మన పాస్టర్ గారు నెల రోజులు మంచం పడితే ఏ పనులు ఆగిపోతాయో ఒక కాగితం మీద రాసి చూడండి. ఆ జాబితా ఎంత పొడుగుంటే ఆయన మీద మనం అంత బరువు మోపినట్టు.

అపోహ: మెచ్చుకుంటే నెత్తికెక్కుతారు, లెక్కలు అడిగితే నొచ్చుకుంటారు.

వాస్తవం: రెండూ తప్పే. కానుకలు ఇద్దరు లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం పెట్టి, సోమవారమో మంగళవారమో బ్యాంకులో వేస్తే అది ఎవరి మీదా అనుమానం కాదు. రేపు ఎవడో నోరు జారితే ఆ ఇద్దరికీ కాపుదల. పౌలు కూడా విరాళం మోసుకెళ్లే పనికి తన తోటి సేవకుడు తీతుతో పాటు ఇంకొందరిని పంపాడు, ఎవరూ నింద వేయకుండా. ఇక మెప్పుతో చెడిపోయిన సిబ్బందిని నేనైతే చూడలేదు. పట్టించుకునేవాళ్లు లేక మౌనంగా మానేసినవాళ్లని చూశాను.

అపోహ: కాన్ఫరెన్స్‌కి వెళ్లొస్తే సంఘం మారిపోతుంది.

వాస్తవం: నోట్స్ నిండా రాసుకొచ్చి, వచ్చిన వారమే పది మార్పులు ప్రకటిస్తే సిబ్బందికి కొత్త టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. మేం ఒక్కటే మార్చాం. ఆదివారం మాకు అన్నిటికన్నా బరువైన పనిదినం, అయినా సోమవారం కూడా ఆఫీసు తలుపు తీసే ఉండేది. ఇప్పుడు సోమవారం పూర్తి సెలవు. మరణం, ఆస్పత్రి తప్ప ఇంకే విషయానికీ సిబ్బందికి ఫోన్ చేయొద్దని ఆరాధనలోనే ప్రకటించాం. మొదటి సోమవారం ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. పెళ్లి సర్టిఫికెట్ కోసం ఒకరు, హాలు బుకింగ్ కోసం ఇంకొకరు. 'మంగళవారం పదింటికి రండి, తప్పకుండా చూస్తాం' అని చెప్పే పని కమిటీలో ఒకరికి అప్పగించాం.