రాకాసి గుళ్లలో ఉన్నది మనుషులే

ములుగు జిల్లా తాడ్వాయి మండలం దామరవాయి దగ్గర అడవిలో, గుట్ట మీద రాతి సమాధులున్నాయి. చుట్టూ పలకలు నిలిపి, పైన ఒకే పెద్ద బండ కప్పారు. ఆ బరువు ఎత్తడం మనుషుల వల్ల కాదనుకుని జనం వాటిని రాకాసి గుళ్లన్నారు. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్విన సమాధి కప్పుబండ 40 టన్నుల పైమాటే. ఎత్తింది మనుషులే. అక్కడ దొరికిన ఎముకల నమూనాలు డీఎన్‌ఏ పరీక్ష కోసం హైదరాబాద్‌లోని కణజీవ పరిశోధన సంస్థ సీసీఎంబీకి వెళ్లాయి.

ఇంత దూరం రావడానికి చాలా కాలం పట్టింది. 19వ శతాబ్దంలో ఇంగ్లిష్ అధికారి మెడోస్ టేలర్ దక్కన్‌లో ఇలాంటి సమాధులు తవ్వినప్పుడు గానీ, 1914లో గులాం యజ్దానీ సారథ్యంలో నిజాం పురావస్తు శాఖ మొదలైనప్పుడు గానీ కాలం అంచనాకు కుండల తీరు, ఇనుప పనిముట్లే దిక్కు. 1949లో అమెరికా రసాయన శాస్త్రవేత్త విల్లార్డ్ లిబ్బీ బృందం కాలం లెక్కగట్టే కార్బన్-14 పద్ధతిని చూపింది. ప్రాణం పోయాక ఒంట్లో కొత్త కార్బన్ చేరదు. ఉన్నదానిలో కార్బన్-14 అనే రకం దాదాపు 5,730 ఏళ్లకు సగమవుతుంది. మిగిలినదాన్ని కొలిస్తే మరణకాలం తేలుతుంది.

పన్ను ఇంకో సంగతి చెబుతుంది. పంటి పింగాణీ చిన్నతనంలోనే గట్టిపడి, ఆ తర్వాత మారదు. తిన్న తిండి, తాగిన నీళ్ల ద్వారా ఆ నేలలోని స్ట్రాన్షియం అనే మూలకం అందులో చేరుతుంది. దాని రకాల పాళ్లు నేలను బట్టి మారతాయి. సమాధి ఉన్న నేలతో ఆ పాళ్లు కలవకపోతే, ఆ మనిషి పుట్టి పెరిగింది వేరే చోటన్నమాట.

డీఎన్‌ఏ మాత్రం మన ఎండలకు తట్టుకోదు. చెవి లోపలి గట్టి ఎముకలోనే కాస్త నిలుస్తుంది. హర్యానాలోని హరప్పా నాగరికత నాటి రాఖీగఢీలో 60కి పైగా నమూనాలు పరీక్షిస్తే ఒక్క మహిళ జన్యుక్రమమే, అదీ అరకొరగా, చేతికొచ్చింది. 2019లో వెలువడిన ఆ ఫలితం వెనుక ఎంత ఓపిక ఉందో ఊహించవచ్చు. అదే ఏడాది సీసీఎంబీ పాలుపంచుకున్న మరో అధ్యయనం, హిమాలయాల్లోని రూప్‌కుండ్ సరస్సు అస్థిపంజరాలన్నీ ఒకే ప్రమాదానివన్న కథను తోసిపుచ్చింది. పరీక్షించిన 38 మందిలో 14 మంది తూర్పు మధ్యధరా ప్రాంతపు వంశీకులు. వాళ్లు మిగతావారిలో చాలామంది కంటే దాదాపు వెయ్యేళ్ల తర్వాత చనిపోయారు.

అందుకే లంకెబిందెల ఆశతో సమాధులు తవ్విపోసేవాళ్లను చూస్తే కడుపు మండుతుంది. ఎముక ఏ లోతులో, ఏ కుండ పక్కన ఉందో రాసుకున్నాకే పురావస్తు శాస్త్రవేత్త దాన్ని కదుపుతాడు. తన చెమటా ఉమ్మూ తగలకుండా గ్లౌజులు, మాస్కు వేసుకుంటాడు. గునపంతో పెకలించి గట్టున పారేసిన ఎముకకు ఎండా వానా తగులుతాయి, పట్టుకున్న ప్రతివాడి డీఎన్‌ఏ అంటుకుంటుంది. దాన్ని ఏ ప్రయోగశాలకు పంపినా ఏ సమాధిదో, ఎవరి పక్కన పడుకోబెట్టారో ఇక తెలియదు.