స్పెక్ట్రమ్‌కు మెమరీ పెంపు: సగం చెడిన చిప్‌ల కథ

1982 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో విడుదలైన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే గృహ కంప్యూటర్ రెండు రకాలుగా అమ్ముడైంది. 16 కిలోబైట్ల మెమరీ ఉన్నదాని ధర 125 పౌండ్లు, 48 కిలోబైట్లదాని ధర 175 పౌండ్లు. 1988 నుంచి మన దేశంలో డెసిబెల్స్ సంస్థ లైసెన్సుతో తయారుచేసిన స్పెక్ట్రమ్ ప్లస్‌లో 48 కిలోబైట్లు ముందే ఉండేవి కాబట్టి దానికి మెమరీ పెంచే పని అవసరం లేదు. ఇటీవల ఒడిశాలోని రాయగడలో ఒక తెలుగు కుటుంబం అటక మీది నుంచి దించి మరమ్మతు దుకాణానికి ఇచ్చిన యంత్రం మాత్రం, ఆ రోజుల్లో ఇంగ్లండు నుంచి బంధువు తెచ్చిన చవక రకం. దానికి మెమరీ పెంచడం ఇప్పటికీ సాధ్యమే. అయితే చిప్‌లు కొని గుచ్చేస్తే సరిపోదు, ఎందుకంటే దాని సర్క్యూట్ బోర్డు మీద పాత మెమరీకి, కొత్తగా చేరే మెమరీకి జాతి వేరు.

పదహారు కిలోబైట్ల యంత్రంలో 6,912 బైట్లు తెర బొమ్మకే పోతాయి. మిగిలిన దానిలో యంత్రం తన సొంత లెక్కలకు తీసుకున్నది తీసివేస్తే, మనం రాసే ప్రోగ్రాముకు దక్కేది తొమ్మిది వేల బైట్ల లోపే. ఈ పదహారు కిలోబైట్లను 4116 అనే చిప్‌లు ఎనిమిది కలిసి మోస్తాయి. ప్రతి చిప్ ప్రతి బైటులోనూ ఒక్క బిట్‌ను మాత్రమే దాచుకుంటుంది. అందువల్ల ఒక చిప్ పాడైతే మెమరీలో ఒక భాగం కాక, అన్ని బైట్లలోనూ అదే స్థానంలోని బిట్ చెడుతుంది. 255 అని రాసి తిరిగి చదివితే 251 వచ్చిందంటే, 4 విలువ గల బిట్‌ను మోసే చిప్‌నే అనుమానించాలి.

ఈ రకం మెమరీలో ప్రతి బిట్ ఒక అతి చిన్న కెపాసిటర్‌లోని విద్యుదావేశంగా ఉంటుంది. అది కారే కుండలోని నీరు వంటిది. మళ్లీ మళ్లీ నింపకపోతే నిలవదు. 4116 చిప్‌లోని 128 అడ్డువరుసలనూ రెండు మిల్లీసెకన్లకు ఒకసారి తాజా పరచాలి. స్పెక్ట్రమ్‌లోని జెడ్80 ప్రాసెసర్ రూపకర్తలు ఇందుకోసమే దాని లోపల ఏడు బిట్ల లెక్కింపు రిజిస్టర్ పెట్టారు, ఏడు బిట్లకు సరిగ్గా 128 వరుసలు అందుతాయి.

ఇక పెంపు సంగతి. ఇష్యూ 2, ఇష్యూ 3 అని కూర్పు సంఖ్య ముద్రించిన బోర్డుల మీద ఎనిమిది మెమరీ చిప్‌లకు, వాటికి చిరునామాలు అందించే నాలుగు చిన్న లాజిక్ చిప్‌లకు ఖాళీ చోటు ఉంటుంది. ఇష్యూ 1 బోర్డుకైతే విడిగా ఒక చిన్న బోర్డు తగిలించాలి. ఆ ఖాళీల్లో స్పెక్ట్రమ్‌ను తయారుచేసిన సింక్లెయిర్ సంస్థ వాడినవి 32 కిలోబిట్ల చిప్‌లు, మరో మాటలో చెప్పాలంటే ఒక సగంలో లోపం తేలిన 64 కిలోబిట్ల చిప్‌లు. తయారీదారులు పారవేయవలసిన సరుకును, ఏ సగం బాగుందో గుర్తు వేసి తక్కువ ధరకు అమ్మేవారు. బోర్డు మీద చిన్న తీగ లింకులు అతికించి, ఎనిమిదింటిలోనూ ఒకే సగం వాడుకునేలా చేసేవారు. దీనిని పిసినారితనం అని వెక్కిరించేవారున్నారు గానీ, నా దృష్టిలో ఆ యంత్రంలోని అత్యంత తెలివైన నిర్ణయం ఇదే. ఇప్పుడు మనం రెండు సగాలూ బాగున్న 4164 అనే 64 కిలోబిట్ల చిప్‌లు వేసుకుంటే చాలు, సగం మెమరీ ఊరికే పడి ఉంటుంది. లింకులను మాత్రం ఏదో ఒక వైపుకు తప్పక వేయాలి.

జాగ్రత్త పడవలసిన చోటు మరొకటి ఉంది. 4116, 4164 రెండూ పదహారు కాళ్ల చిప్‌లే, చూపుకు ఒకేలా ఉంటాయి. కానీ 4116కు +5, +12, −5 వోల్టులు మూడూ కావాలి, 4164కు +5 ఒక్కటే చాలు. మొదటిదానికి 12 వోల్టులు అందే ఎనిమిదో కాలే రెండోదానికి 5 వోల్టులు అందుకునే కాలు. కాబట్టి కొత్త చిప్‌ను పాత చోట పెడితే అది మాడిపోతుంది. పాత చిప్‌లకు కూడా ప్రాణగండం ఉంది. 12 వోల్టులు వస్తూ −5 వోల్టులు అందకపోతే అవి వేడెక్కి చెడిపోతాయి. ఈ రెండు వోల్టేజీలనూ బోర్డు మీది ట్రాన్సిస్టర్లు, ఒక తీగచుట్ట కలిసి తయారుచేస్తాయి. స్పెక్ట్రమ్‌కు స్విచ్ లేదు, ఎడాప్టర్ పిన్ను గుచ్చడం, పీకడమే దాని స్విచ్. కరెంటు వచ్చిపోయే మన సరిహద్దు ఊళ్లలో ఆ పిన్ను వదులైతే ముందుగా దెబ్బ తినేది ఈ విభాగమే. అందుకని చిప్‌లు కొనకముందే మల్టీమీటర్‌తో మూడు వోల్టేజీలూ కొలవాలి. పనిచేస్తున్న 4116లను కదపకపోవడమే మేలని నా అభిప్రాయం.

4164లు ఇప్పుడు పాత నిల్వల్లోనే దొరుకుతాయి, పేరు చెరిపి మళ్లీ అచ్చు వేసినవీ వాటిలో కలిసి ఉంటాయి. చిప్‌లను నేరుగా సోల్డర్ చేయకుండా సాకెట్లు వేసుకుంటే, చెడ్డదానిని మార్చడం తేలిక. రాయగడ కొండల వానాకాలపు తేమకు బోర్డు అంచున ఉన్న రాగి పలకలు పచ్చబడతాయి, వాటిని ముందుగా శుభ్రం చేయాలి. పెట్టె తెరిచేటప్పుడు కీబోర్డు నుంచి వచ్చే పలుచని రిబ్బన్లను లాగకూడదు. వయసు మీద పడి పెళుసెక్కిన ఆ ప్లాస్టిక్ చిట్లిపోతుంది.

అన్నీ అమర్చాక 23732, 23733 చిరునామాల్లోని సంఖ్యలను చదివి, రెండోదానిని 256తో గుణించి మొదటిదానికి కలపాలి. 32767 వస్తే యంత్రం ఇంకా పాత మెమరీనే చూస్తున్నట్టు, 65535 వస్తే కొత్త 32 కిలోబైట్లు చేరినట్టు. ఇలా చేరినది పరిమాణంలోనే కాదు, వేగంలోనూ మెరుగైనది. కింది 16 కిలోబైట్లను తెర గీసే యూఎల్‌ఏ చిప్ కూడా చదువుతూ ఉంటుంది కాబట్టి, బొమ్మ గీస్తున్నంతసేపూ ప్రాసెసర్ దానికోసం ఆగవలసి వస్తుంది. పై మెమరీ జోలికి యూఎల్‌ఏ రాదు. అందుకే సమయం కచ్చితంగా ఉండవలసిన ప్రోగ్రాములను, ముఖ్యంగా ఒక బిట్ స్పీకరుతో సంగీతం పలికించే వాటిని, అనుభవజ్ఞులు పై మెమరీ మొదలయ్యే 32768 చిరునామాకు పైనే ఉంచేవారు.