మీ పిల్లల మాటలు: అమ్మానాన్నల లెక్కను నమ్మొచ్చా?

రెండేళ్ల బిడ్డకు మాట ఆలస్యమవుతోందేమో తేల్చుకోవాలంటే మా స్పీచ్ థెరపిస్టులు ముందు అమ్మానాన్నల్నే అడుగుతారు. ఒక ప్రశ్నపత్రం చేతికిచ్చి నింపమంటాం. దాని చుట్టూ ఉన్న అపోహలు చాలా.

అపోహ: కన్నవాళ్లు మురిపెంగా ఎక్కువ చేసి చెబుతారు. నిపుణులు చూస్తేనే నిజం తెలుస్తుంది.

వాస్తవం: కొత్త మనిషిని చూడగానే అమ్మ వెనక దాక్కునే బిడ్డ నా గదిలో అరగంటైనా నోరు విప్పకపోవచ్చు. పొద్దున్నించి పడుకునేదాకా వాడి మాటలు వినేది ఇంట్లోవాళ్లే. తేడా అంతా మేం అడిగే తీరులో ఉంది. "మీవాడికి ఎన్ని మాటలొచ్చు?" అంటే "ఏవో పది పదిహేను" అంటారు. పాపం, అప్పటికప్పుడు ఎవరికి గుర్తుంటాయి? జంతువులు, బట్టలు, ఒంటి భాగాలు, చేసే పనులు అని విడదీసిన జాబితా ముందు పెడితే, చదువుతున్న కొద్దీ "ఆ, ఇదీ అంటాడు" అని గుర్తొస్తాయి. పిల్లల భాషపై పనిచేసిన అమెరికన్ మనస్తత్వవేత్త లెస్లీ రెస్కోర్లా 1989లో ప్రచురించిన ఇలాంటి జాబితాలో దాదాపు 310 పదాలున్నాయి. 1993లో వచ్చిన, అమ్మానాన్నలే నింపే మెకార్థర్ జాబితాల్లో 16 నుంచి 30 నెలల పిల్లలకు ఉద్దేశించినదాంట్లో 680 ఉన్నాయి. పిల్లల్ని నేరుగా పరీక్షించిన ఫలితాలతో పోల్చినప్పుడు తల్లిదండ్రులు పెట్టిన టిక్కులు బాగానే సరిపోయాయి.

"అన్నీ అర్థమవుతాయండీ" అన్న చోట మాత్రం నేను కాస్త ఆగుతాను. "చెప్పులు తీసుకురా" అంటూ మనం అటే చూస్తాం, చెయ్యి కూడా చూపిస్తాం. బిడ్డ చెప్పులు తెచ్చింది ఆ చెయ్యిని చూసి కావచ్చు. చెయ్యి కదపకుండా, అటు చూడకుండా ఒకసారి అడిగి చూడండి.

అపోహ: స్పష్టంగా పలికితేనే మాట కింద లెక్క.

వాస్తవం: కుక్కను ప్రతిసారీ "తుత్త" అంటే అది మాటే. "భౌ భౌ" అన్నా మాటే. తనంతట తాను, ఎప్పుడూ అదే అర్థంతో వాడితే చాలు. మీరు "కుక్క అను" అనగానే వెంటనే అనేస్తే మాత్రం దానికి టిక్కు పెట్టకండి.

అపోహ: ఇంట్లో రెండు భాషలుంటే మాట ఆలస్యమవుతుంది.

వాస్తవం: రెండు భాషలు వినడం వల్ల భాషాలోపం రాదు. లెక్క సగమే వేస్తే మాత్రం చిక్కే. తెలుగులో ముప్పై, ఇంగ్లిషులో పాతిక మాటలొచ్చిన రెండేళ్ల పాప ఒక్క భాషలోనే చూస్తే ఆ వయసుకు గీతగా పెట్టుకునే యాభైకి తక్కువ, రెండూ కలిపితే ఎక్కువ. ఇంగ్లిషు జాబితాను తెలుగులోకి మార్చేసి, ఇంగ్లిషు పిల్లల అంకెలతోనే పోల్చడమూ తప్పే. "ఒక భాష మానేయండి" అని ఎవరైనా సలహా ఇస్తే నాకు చాలా బాధేస్తుంది. అమ్మకు బాగా వచ్చిన భాషే ఆపేస్తే బిడ్డ చెవిన పడే మాటలే తగ్గిపోతాయి.

అపోహ: మగపిల్లలకు మాటలు ఆలస్యమే, మూడేళ్లదాకా ఆగొచ్చు.

వాస్తవం: ఇందులో కొంత నిజం ఉండబట్టే ఇది ప్రమాదకరం. సగటున మగపిల్లలు కాస్త వెనకే. రెండేళ్లకు వెనకబడినవాళ్లలో చాలామంది తర్వాత అందుకుంటారు కూడా. కానీ ఎవరు అందుకుంటారో ఆ వయసులో ఖాయంగా చెప్పలేం. రెస్కోర్లా గీసిన గీత ఇదీ: 24 నెలలకు యాభై మాటలు రాకపోయినా, "అమ్మ దా" లాంటి రెండు మాటలు కలపకపోయినా చూపించాలి. ముందు చేయించాల్సింది వినికిడి పరీక్ష. తలుపు చప్పుడుకు తిరిగినంత మాత్రాన చెవులు బాగున్నట్టు కాదు. మధ్యచెవిలో నీరు చేరితే పెద్ద శబ్దాలు వినిపిస్తూనే మాటల్లోని సన్నని ధ్వనులు అందకుండా పోవచ్చు.

నాలుక కింద పొర అంటుకుని ఉండటం వల్లే మాటలు రావట్లేదన్నది కూడా అపోహే. ఉచ్చారణలో తేడా రావచ్చేమో గానీ, మాటలు నేర్చుకోవడం దానివల్ల ఆగదు.

అపోహ: స్కోరు తక్కువొస్తే ఏదో జబ్బున్నట్టే.

వాస్తవం: పూర్తి పరీక్ష అవసరమా అన్నంతవరకే ఈ ప్రశ్నపత్రంతో చేసే స్క్రీనింగ్, అంటే తొలి వడపోత, చెబుతుంది. ఇది మీ పెంపకానికి వేసే మార్కులు కావు, అనని మాటకు మొహమాటంతో టిక్కు పెట్టొద్దు. స్కోరు బాగానే వచ్చినా తర్వాత అనుమానం కలిగితే మళ్లీ నింపొచ్చు.

వచ్చిన మాటలు పోతున్నా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, 18 నెలలు నిండినా వేలితో దేన్నీ చూపించకపోయినా ప్రశ్నపత్రం కోసమో, తర్వాతి టీకా తేదీ కోసమో ఆగకండి. ఆ వారమే పిల్లల డాక్టరుకు చూపించండి.