గ్రీన్‌హౌస్ లాంటి పెవిలియన్: అపోహలు - వాస్తవాలు

హన్మకొండల ఆర్కిటెక్ట్‌గ పని చేస్తున్న. ఈ మధ్య పార్కుల, చెరువు కట్ట మీద జనం కూసునేటందుకు పెవిలియన్ కావాలంటే చాలామంది ఫోన్ల ఏదో గ్రీన్‌హౌస్ (మొక్కలు పెంచే గ్లాసు ఇల్లు) ఫొటో చూపెట్టి "గిట్ల కట్టియ్యాలె సార్" అంటున్నరు. ఐడియా మంచిదే, నాకూ చానా ఇష్టం, కాని కొన్ని అపోహలు ఉన్నయి, అవి పోతెనే పని మంచిగైతది.

అపోహ: గ్రీన్‌హౌస్ స్టైల్ అంటే అంతా గ్లాసే.

వాస్తవం: గ్లాసు ఎండను లోపలికి రానిస్తది, వేడెక్కిన గాలిని బయటికి పోనియ్యది. చలిదేశంల మొక్కకు అదే కావాలె, వరంగల్ ఎండకాలంల మనిషికి కాదు. మనం 18 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నం, మే మధ్యల పగటిపూట సూర్యుడు సరిగ్గ నడినెత్తి మీదికొస్తడు, అంటే ఎండ గోడల కన్నా కప్పు మీదనే ఎక్కువ పడతది, కాబట్టి ముందు ఆలోచించాల్సింది కప్పు గురించే. 1851ల లండన్ హైడ్ పార్కుల క్రిస్టల్ ప్యాలెస్ అనే పెద్ద గ్లాసు ఎగ్జిబిషన్ హాలు డిజైన్ చేసిన జోసెఫ్ పాక్స్టన్ తోటమాలిగ పని చేసి పైకొచ్చిన మనిషి, గ్లాసు ఇండ్లు ఆయనకు కొత్త కాదు, అయినా అక్కడి ఎండకే కప్పు మీద క్యాన్వాస్ గుడ్డ పరిపించిండు, గోడలకు తెరిచి మూసే లూవర్లు (గాలి వచ్చే వాలు పలకలు) పెట్టిచ్చిండు. ఆయన దగ్గర మనం తీసుకోవాల్సింది గ్లాసు కాదు, పద్ధతి: ఒకటే కొలత ముక్కలు ఫ్యాక్టరీల తయారు చేసుడు, సైట్ల తెచ్చి బిగించుడు. 563 మీటర్ల పొడుగు బిల్డింగు ఏడాది తిరగకముందే లేచింది అట్లనే.

అపోహ: పక్కలు ఓపెన్‌గ ఉంటే చాలు, గాలి అదే ఆడతది.

వాస్తవం: గాలి లేని రోజు ఆడది. వేడిగాలి పైకి పోయి కప్పు కింద నిలవడతది, దానికి పైన దారి ఉండాలె. మన రైతుల పాలీహౌస్‌లల్ల కప్పు మీద పొడుగునా వెంట్ (వేడిగాలి పోయే సందు) ఉంటది చూడుండ్రి, గాలి ఎక్కువ వచ్చే దిక్కుకు వెనకవైపు తెరిచి పెడతరు. నేను డిజైన్ చేసేటప్పుడు ముందు గీసేది ఆ వెంటే, మిగతాదంతా దాని తర్వాతనే.

అపోహ: పాలీకార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) షీట్ తేలిక, ఫుటింగ్ (స్తంభం కింది పునాది) చిన్నగ ఉన్నా నడుస్తది.

వాస్తవం: తేలికైనందుకే భయపడాలె. గాలిదుమారం వస్తే ఓపెన్ పెవిలియన్ కప్పును కింది నుంచి ఎత్తుతది, అప్పుడు ఫుటింగ్ పని బరువు మోసుడు కాదు, కప్పు లేవకుంట పట్టి ఉంచుడు. గాలి తాకిడి లెక్కలు చెప్పే ఇండియన్ స్టాండర్డ్, ఐఎస్ 875 మూడో భాగం చూసి లెక్క కట్టియ్యాలె. బిగించేకాడ కూడా జాగ్రత్త: ఆరు మీటర్ల షీటు 40 డిగ్రీల తేడాకు దాదాపు 15 మిల్లీమీటర్లు సాగుతది, అందుకే స్క్రూ కన్నా రంధ్రం పెద్దగ వేసి రబ్బరు వాషర్ పెట్టాలె, లేకపోతే రంధ్రం కాడ్నే పగులుతది. ఎండ దెబ్బ ఆపే యూవీ కోటింగ్ ఉన్న మొఖం పైకి రావాలె, షీటుకు అంటించిన ఫిల్మ్ మీద రాసుంటది, పనోళ్ళు తొందరల తిప్పేస్తరు, నిలబడి చూడుండ్రి.

అపోహ: గ్లాసే కావాలంటే టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచిన గ్లాసు) చాలు.

వాస్తవం: నెత్తి మీద అయితే లామినేటెడే (రెండు గ్లాసుల నడుమ పొర పెట్టి అతికించింది) పెట్టాలె. టఫెన్డ్ పగిలితే చిన్న చిన్న ముక్కలై కింద కూసున్నోళ్ళ మీద రాలతది, లామినేటెడ్‌ల నడిమి పొర ముక్కల్ని పట్టుకోని ఉంటది.

ఆఖరికి ఒకటి. గ్రీన్ నెట్ "పొలం సామాను" అని చిన్నచూపు చూడకుండ్రి. జీఐ (జింకు పూత ఇనుము) పైపు ఫ్రేము మీద షీటు వేసి, దానికి అడుగు పైన నెట్ కట్టి, నడిమిల గాలి పోయేటట్టు చేస్తే ఎండ షీటుకు తగలకముందే సగం ఆగుతది, నెట్ చినిగితే మన మార్కెట్లనే దొరుకుతది, ఎక్కడి నుంచో తెప్పియ్యాల్సిన పని లేదు.